నందు చెవుల కొలత

పెళ్లయిన పదమూడో రోజు సాయంత్రం మా మామయ్య నవ్వారు. ఆ నవ్వు నావల్లే వచ్చింది. అందుకే ఆ సాయంత్రం నాకు అంత బాగా గుర్తుంది. ఇప్పుడు మరిచిపోదామన్నా వీలుకానిదీ అందుకే.

మామయ్య పేరు విఠల్‌రావు. రెవెన్యూ ఆఫీసులో రికార్డు సెక్షన్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. పాలవాడి చీటీ కింద కూడా తేదీ వేసి పొట్టి సంతకం పెట్టే మనిషి. లాల్‌దర్వాజాలోని వాళ్ల ఇంటికి నేను కాపురానికి వచ్చిన పన్నెండు రోజుల్లో "ఏమ్మా, తిన్నవా" తప్ప ఆయన నాతో ఇంకో మాట అనలేదు.

"బాపు గంతే" అనేవాడు మా ఆయన శ్రీచరణ్. "నన్నయితే 'తిన్నవా' అని గూడ అడగడు. నీకు ఒక 'అమ్మా' ఎక్కువ దొరికింది. ఖుష్‌గ ఉండు."

ఖుషీగానే ఉన్నాను. ఆ రోజుల్లో నాకు అన్నీ ఖుషీయే. పొద్దున తలుపు తీయగానే నా చెప్పుల మీద అతని చెప్పు ఒకటి ఎక్కి ఉండడం, సాయంత్రం అతని చొక్కా జేబులోంచి మూరెడు మల్లెపూలు చెమట వాసనతో సహా బయటికి రావడం, స్కూటర్ మీద మహంకాళి గుడి మలుపు రాగానే అతను అవసరం లేకుండా బ్రేకు వేయడం. నేను "కుక్క అడ్డమొచ్చిందా?" అని అడిగేదాన్ని. "రాలే. వస్తదేమో అని" అనేవాడు.

ఆ ఖుషీలో నందన్న కూడా ఉన్నాడు.

ఏటా బోనాలకు ముందు నెలన్నర పాటు మా ఇంటి అరుగు నందన్నది. అమ్మవారికి సమర్పించే తొట్టెలు చేస్తాడు. సన్నగా చీల్చిన వెదురు బద్దలతో ఉయ్యాల లాంటి చట్రం కట్టి, రంగు కాగితాలు అంటించి, అంచులకు కుచ్చులు కత్తిరిస్తాడు. జహనుమాలో అతనిది ఒక్క గది ఇల్లు. నిలువెత్తు వెదురు పరుచుకునే చోటు అక్కడ ఉండదు. అతని తండ్రి కాలం నుంచీ ఈ అరుగు మీదే కూర్చుంటున్నారు. అందుకు బదులుగా, మొదటి తొట్టెల మా ఇంటికి. సందులో అందరూ ఆ అరుగు దగ్గరికే వచ్చి తమ తొట్టెల ఎంత ఎత్తు కావాలో చెప్పి వెళ్తారు.

నన్ను చూసిన మొదటి రోజే అడిగాడు. "చెల్లె, నీకు ఏ రంగు ఇష్టం? ఈ ఏడు మీ ఇంటి తొట్టెల నీ రంగుదే."

నెమలికంఠం రంగు అన్నాను. మూడు రోజులు బేగంబజార్ అంతా తిరిగి ఆ కాగితం తెచ్చాడు. నా చీర కొంగు పక్కన పెట్టి చూసుకుని, "జర తేడా ఉన్నది గని, అమ్మవారు అడగదులే" అన్నాడు.

చూడ్డానికి మాత్రం నందన్న మనిషిని కొంచెం భయపెట్టేలా ఉంటాడు. రెండు కనుబొమ్మలూ మధ్యలో కలిసిపోయి ఒకే గీతలా ఉంటాయి. బరువైన దవడ. చెవులు రెండూ తలకు అంటుకోకుండా బయటికి నిలబడి ఉంటాయి. ఎండలో వెనక నుంచి వెలుతురు పడితే ఎర్రగా కనిపిస్తాయి.

ఆ పదమూడో రోజు వాన పట్టుకుంది. నందన్న కాగితాలు తడవకుండా లోపల వసారాలోకి తెచ్చుకున్నాడు. మా అత్తమ్మ కోమలవల్లి మిరపకాయ బజ్జీలు వేసింది. మామయ్య కుర్చీలో, శ్రీచరణ్ గడప మీద, నేను పీట మీద. మామయ్య ఎప్పట్లాగే వానను చూస్తున్నారు. ఆయనను ఎలాగైనా మాట్లాడించాలని నాకు ఆ రోజు పంతం పుట్టింది.

"మామయ్యా, మాకు ఎమ్మేల నేరాల మీద ఒక పేపర్ ఉండే. మనిషి ముఖం జూసి దొంగనో కాదో చెప్పొచ్చని ఇటలీల ఒక డాక్టరు రాసిండు. నూటయాభై ఏండ్ల కింద."

మామయ్య తల తిప్పారు. "ఎట్ల చెప్తరు?"

అంతే. నాకు రెక్కలొచ్చాయి. ఆ డాక్టరు చనిపోయిన ఒక బందిపోటు పుర్రె తెరిచి చూసి, వెనకభాగంలో ఒక గుంట కనబడితే, నేరగాళ్లు పుట్టుకతోనే వేరే జాతి మనుషులని తీర్మానించుకున్న సంగతి చెప్పాను. తర్వాత జైళ్లలో వాళ్ల ముఖాలన్నీ కొలిచాడని చెప్పాను. వెనక్కి వాలిన నుదురు, కలిసిన కనుబొమ్మలు, బరువైన దవడ, నిలబడ్డ చెవులు, చాపితే ఎత్తును మించే చేతులు, ఒంటి మీద పచ్చబొట్టు. ఆరు గుర్తులు చెప్పి, అత్తమ్మ కుట్టు డబ్బాలోంచి టేపు తెచ్చి కొలవడం మొదలుపెట్టాను.

అత్తమ్మకు ఒక గుర్తు వచ్చింది. శ్రీచరణ్‌కు రెండు. "సగం దొంగ గూడ కాదు. ఎందుకు పనికొస్తవురా" అన్నది అత్తమ్మ. మామయ్య నుదురు కొలవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయనే తల వంచారు. ఆయనకూ రెండు.

"నందన్నా, నువ్వు రా" అన్నాను.

చేతికి అంటిన మైదాపిండి జిగురు లుంగీకి తుడుచుకుని వచ్చి నా ముందు బాసింపట్టు వేసి కూర్చున్నాడు. కనుబొమ్మలు ఒకటి. దవడ రెండు. నుదురు మూడు. చెవి వెనక టేపు పెట్టి తలకూ చెవికీ మధ్య దూరం చదివాను, నాలుగు. గోడకు ఆనించి చేతులు చాపించాను, అయిదు. ఒక్కో అంకెకూ శ్రీచరణ్ చప్పట్లు కొడుతున్నాడు.

"ఆరోది ఏంది చెల్లె?" అన్నాడు నందన్న. "గది గూడ ఉంటే మెడల్ ఇస్తరా?"

"పచ్చబొట్టు."

నందన్న ముంజేయి తిప్పి చూపించాడు. 'బుచ్చమ్మ' అని వంకర అక్షరాలు. "మా అమ్మ పేరు. జాతరల పొడిపిచ్చుకున్న. అమ్మ పేరు రాసుకుంటే గూడ దొంగనేనా?"

అప్పుడు నవ్వారు మామయ్య. లోపలెక్కడో బిగుసుకున్న తలుపు తెరుచుకున్నట్టు, ముందు కిర్రుమని, తర్వాత గట్టిగా. అత్తమ్మ గరిటె పట్టుకుని వచ్చి చూసింది. నందన్నా నవ్వాడు, అందరికంటే ఎక్కువసేపు. నేను కొలతలు రాసిన కాగితం మామయ్య చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదివి, కింద తేదీ వేసి సంతకం పెట్టారు.

"పారేయకు. మంచిగ రాసినవ్" అన్నారు.

ఆ పాఠానికి రెండో సగం ఉంది. తర్వాత ఇంగ్లండులో ఇంకో డాక్టరు మూడువేల మంది ఖైదీలను కొలిచి, వాళ్ల పక్కన కాలేజీ కుర్రాళ్లనూ సిపాయిలనూ పెట్టి చూసి, ముఖాల్లో ఏ తేడా లేదని తేల్చాడు. మా మేడమ్ ఆ రోజు క్లాసులో మొదటి సగానికి పావుగంట, రెండో సగానికి ముప్పావు గంట తీసుకుంది. నేను మొదటి సగం చెప్పి ఆపేశాను. నవ్వు అంత బాగా పండాక, ఇదంతా తప్పని తేలిందని చెప్పి చల్లార్చడం ఎందుకనిపించింది. టీ తాగాక చెబుదామనుకున్నాను. టీ అయ్యేసరికి వాన తగ్గింది.

వారం తర్వాత ఆషాఢం. కొత్తకోడలు, అత్త ఆ నెల ఒకే గడప దాటకూడదు. నేను మాదన్నపేటలోని మా అమ్మ ఇంటికి బయల్దేరాను. ఆటోలో రెండు మైళ్లు లేదు. నేను మాత్రం దేశం దాటిపోతున్నట్టు ఏడ్చాను. వర్జ్యం వచ్చేస్తోందని మామయ్య గడియారం చూస్తున్నారు. కోడలిని పసుపుకుంకుమలు లేకుండా పంపకూడదని అత్తమ్మ పూజగదిలోకి పరుగెత్తి, వెండి కుంకుమభరిణె తెచ్చి నా చేతిలో పెట్టింది. పెళ్లికి మా అమ్మ పెట్టిన భరిణెల జత అది. ఒకటి అత్తమ్మ పూజకు తీసుకుంది, రెండోది నాది. రెండూ పూజగది గూట్లోనే పక్కపక్కన ఉండేవి.

అరుగు మీద నందన్న నెమలికంఠం కాగితానికి కుచ్చులు కత్తిరిస్తున్నాడు. "చెల్లె, నువ్వొచ్చేసరికి తొట్టెల గుడికి పోతది. ఫోటో తీసి పెడ్తలే" అన్నాడు.

అయిదో రోజు మామయ్య నాకు ఫోన్ చేశారు. ఆయన ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"బిడ్డా, నువ్వు చెప్పిందే అయ్యింది" అన్నారు.

శ్రీచరణ్ పెళ్లి కుదిరితే అమ్మవారికి బంగారు ముక్కుపుడక పెడతానని అత్తమ్మ మొక్కుకుంది. చేయించి తెచ్చింది. అమ్మవారికి ఇచ్చేది మనం కట్టి విడిచిన బట్టల బీరువాలో పెట్టకూడదని, పూజగదిలో కుంకుమభరిణెలో దాచింది. ఆ పొద్దున భరిణె తెరిచి కుంకుమంతా పళ్లెంలో పోసి చూస్తే ముక్కుపుడక లేదు. ఆ అయిదు రోజుల్లో పూజగదిలో అడుగు పెట్టిన బయటి మనిషి ఒక్కడే. కిందటేడు కట్టిన చిన్న తొట్టెలను పైకప్పు కొక్కెం నుంచి దించడానికి నందన్న స్టూలు ఎక్కాడు.

"ఆరుకు ఆరు అన్నవ్ గదా. కాగితం నా దగ్గరనే ఉన్నది. చదువుకున్న పిల్ల ముందే చెప్పింది, మనమే నవ్వుకున్నం" అన్నారు.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. ఇది రాయకుండా ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఆయన నన్ను బిడ్డా అన్నారు. నా మాటకు ఆ ఇంట్లో విలువ వచ్చింది. నందన్న ముఖం గుర్తొచ్చింది ఆ తర్వాతే.

"మామయ్యా, గది పాత లెక్క..." అన్నాను.

"పాతదైతేంది బిడ్డా, బంగారం గూడ పాతదే. నువ్వు ఫికర్ చెయ్యకు. నేను లొల్లి చెయ్యలే, పోలీసులకు గూడ చెప్పలే. ఇంక అరుగు మీద కూసోకురా అన్న. గంతే."

అంతే అని ఆయన అన్నారు. నేను రెండో సగం చెప్పలేదు. ఫోన్‌లో ఎలా చెప్పగలను, వెళ్లి చెప్పాలి అనుకున్నాను. ఆషాఢం కదా, గడప దాటకూడదు కదా అని కూడా అనుకున్నాను. అరుగు గడపకు బయటే ఉంటుంది. ఆ సంగతి నాకు ఆ రోజు తట్టలేదంటే అబద్ధం.

రెండు రోజుల తర్వాత శ్రీచరణ్ ఆఫీసు నుంచి పారిపోయి మాదన్నపేట కూరగాయల మార్కెట్‌కు వచ్చాడు. ఆషాఢంలో భార్యాభర్తలు కలవకూడదు కాబట్టి మేమిద్దరం దోసకాయలు ఏరుతున్నట్టు నిలబడ్డాం. మామూలుగా అయితే ఆ దోసకాయలకే నేను వారం రోజులు మురిసిపోయేదాన్ని.

"బాపు ఆ కాగితం ఫోటో తీపిచ్చి గల్లీ గ్రూపుల పెట్టిచ్చిండు" అన్నాడు చేదు చూడ్డానికి చిన్న ముక్క కొరుకుతూ. "జాగ్రత్తగ ఉండాలె అని. మన సందుల పదకొండు ఇండ్లు తొట్టెలు వద్దన్నరంట."

"నందన్న ఏమన్నడు?"

"ఏమంటడు. 'మీ ఇంట్ల దేని మీదన్న నా చెయ్యి ఏనాడన్న పడ్డదా బాపూ' అని ఒక్కసారి అడిగిండు. బాపు కాగితం జూపిచ్చిండు. నందన్న జూసిండు, వెదురు కట్ట ఎత్తుకొని పోయిండు." కొరికిన ముక్క పడేసి అడిగాడు, "అభిజ్ఞా, గది నిజమేనా? ఆ కొలతలది?"

"కాదు."

"మరి ఆ దినం చెప్పకపోతివి?"

దోసకాయలమ్మే ఆమె మమ్మల్ని విసుక్కుంది. "తీసుకుంటరా, ముచ్చట పెట్టుకుంటరా?"

నేను రోజూ స్టిక్కరే పెట్టుకుంటాను. అందుకే ఆ భరిణె నా సూట్‌కేసులో తువ్వాలు కింద అలాగే ఉండిపోయింది. తొమ్మిదో రోజు శుక్రవారం. పక్కింటావిడ వాయనానికి వస్తే, ఇంట్లో కుంకుమ నిండుకుందని అమ్మ నా భరిణె అడిగింది. మూత తీసి ఉంగరపు వేలు ముంచాను. వేలికి గట్టిగా తగిలింది. కుంకుమ దులిపితే, ఏడు తెల్లరాళ్ల చిన్న ముక్కుపుడక.

ఒకే రకం భరిణెలు రెండు. వర్జ్యం ముంచుకొస్తుంటే అత్తమ్మ చేతికి ముందు దొరికింది ఇది.

పక్కింటావిడకు బొట్టు పెట్టకుండానే ఆటో ఎక్కాను. లాల్‌దర్వాజాలో దిగేసరికి అత్తమ్మ గడప లోపల నిలబడి ఉంది. "ఆగు బిడ్డా, దాటకు" అని ఆమె చెయ్యి చాపింది. నేను అరుగు మీదే నిలబడి భరిణె అందించాను. అరుగు రాళ్ల సందులో నెమలికంఠం కాగితం తుంపులు ఇంకా ఉన్నాయి.

ముక్కుపుడకను అత్తమ్మ కళ్లకు అద్దుకుంది. తర్వాత అక్కడే గడప దగ్గర కూర్చుండిపోయింది. "నా చేతుల్తోనే ఇచ్చిన" అన్నది. "వాడు మా ఇంట్ల అన్నం తిన్నడు. నా చేతుల్తోనే ఇచ్చిన."

మామయ్య వచ్చారు. నేను ఇంగ్లండు డాక్టరు సంగతి చెప్పాను. మూడువేల మందిని చెప్పాను. సందులో ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు. మొదటి సగాన్ని నవ్వుతూ విన్న శ్రద్ధలో నాలుగో వంతు కూడా దీనికి దక్కలేదు. ఒకావిడ మధ్యలోనే, "దొరికింది గదా, మంచిదాయె" అని వెళ్లిపోయింది.

"ఇది ఆ దినమే ఎందుకు చెప్పలే?" అన్నారు మామయ్య.

"మీరు నవ్వుతుండిరి మామయ్యా."

ఆయన వసారాలో కుర్చీలో కూర్చున్నారు. తర్వాత, "గ్రూపుల దొరికిందని పెడ్తం. పిలిస్తే నందు వస్తడు" అన్నారు. పిలవడానికి మాత్రం ఆయన లేవలేదు. ఫోటో తీసేయమని శ్రీచరణ్‌తో చెప్పారు. తీసేసే గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ ఫోటో అప్పటికే పక్క సందుల గ్రూపుల్లోకి, జహనుమాలోకి కూడా వెళ్లింది.

మర్నాడు నేనూ శ్రీచరణ్ స్కూటర్ మీద జహనుమా వెళ్లాం. ఒకరినొకరు చూడకూడదన్న నియమం ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆ దారిలో అతను ఒక్కసారి కూడా అనవసరంగా బ్రేకు వేయలేదు.

నందన్న ఇంటి ముందు దారిలోనే వెదురు పరుచుకుని కూర్చున్నాడు. బండి వచ్చిన ప్రతిసారీ లేచి బద్దలు పక్కకు జరుపుతున్నాడు. మమ్మల్ని చూసి కూడా అలాగే లేచి జరిపాడు. అతని తల్లి బుచ్చమ్మ గుమ్మంలో కూర్చుని నందన్న కూతురికి జడ వేస్తోంది. పాపకు ఆరేళ్లుంటాయి.

"నందన్నా, ముక్కుపుడక దొరికింది. నా దగ్గరనే ఉండె. తప్పు నాది" అన్నాను.

"గ్రూపుల జూసినం మేడం" అన్నాడు. "మంచిగైంది."

మేడం అన్నాడు. శ్రీచరణ్ నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"నువ్వు రావాలె. అరుగు ఖాళీగ ఉన్నది. అందరి ముందట నేను చెప్తా, ఆ కొలతలన్నీ తప్పని."

"ఏం చెప్తరు మేడం? నా చెవులు గిట్లనే ఉంటయి గదా." కోపంగా అనలేదు. కొడవలితో బద్ద చీలుస్తూనే అన్నాడు. "ఇన్నేండ్లు ఎవ్వరు జూడలే. ఇప్పుడు తొట్టెల ఇయ్యనీకి ఏ ఇంటికి పోయినా ముందుగాల చెవులే జూస్తున్నరు. దొరికిందని ఎరుకైనోళ్లు గూడ జూస్తున్నరు."

బుచ్చమ్మ దువ్వెన ఆపి అన్నది, "గవి నా చెవులు బిడ్డా. నాకు మా అయ్యవి వచ్చినయి. నీకు పంచాయతి ఉంటే నాతోని పెట్టుకో."

ఆమె చెవులు చూశాను. తర్వాత పాపను చూశాను. అంత ఎండలో, బుచ్చమ్మ ఆ పిల్ల జుట్టంతా చెవుల మీదుగా కిందికి దువ్వి, రెండు వైపులా పిన్నులు పెట్టి, పైనుంచి రిబ్బను కడుతోంది. చెమటకు జుట్టు చెంపలకు అంటుకుపోయింది.

"మీదికి కట్టరాదా, ఉక్కపోస్తది" అన్నాను. నా నోరు ఊరుకోదు.

"బడిల ఏమన్నరో నువ్వే చెప్పే" అన్నది బుచ్చమ్మ పాపతో.

నేను వంగి ఆ అంటుకున్న జుట్టును వెనక్కి తీయబోయాను. పాప రెండు చేతులతో రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.

నందన్న లేచి లోపలికి వెళ్లి తొట్టెల తెచ్చాడు. నెమలికంఠం రంగుది. పూర్తయింది. కుచ్చులన్నీ ఒకే పొడుగున కత్తిరించి, అంచున సన్నటి జరీ కాగితం కూడా అంటించాడు.

"అమ్మవారికని మొదలువెట్టింది సగంల ఆపొద్దు. మా బాపు చెప్పిండు" అన్నాడు శ్రీచరణ్‌కు అందిస్తూ. "తీస్కపోండ్రి భాయ్. గుడికి మీరే తీస్కపోండ్రి. వచ్చే ఏడు ఇంకెవరికన్న చెప్పుకోండ్రి."

ఒక ఆటో హారన్ కొట్టింది. నందన్న వంగి బద్దలు జరపడం మొదలుపెట్టాడు. మేమూ జరిగాం.

తిరిగి వచ్చేటప్పుడు నేను వెనక కూర్చుని తొట్టెలను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. దారిలో వాళ్లు అమ్మవారిదని పక్కకు తప్పుకున్నారు. ఒక ముసలామె చెప్పులు విడిచి దండం పెట్టింది. గాలికి నా తల చుట్టూ కుచ్చులు రెపరెపలాడాయి. నా చేతులు రెండూ పైనే ఉండిపోయాయి కాబట్టి కళ్లు తుడుచుకోవడం కుదరలేదు.

బోనాల ఆదివారం మా ఇంటి తొట్టెలే అందరికంటే ముందు గుడికి వెళ్లింది. ముక్కుపుడక అమ్మవారికి చేరింది. ఆషాఢం అయిపోయాక నేను లాల్‌దర్వాజాకు తిరిగొచ్చాను. మా చెప్పులు మళ్లీ ఒకదాని మీద ఒకటి పడి ఉంటున్నాయి. మామయ్య నన్ను మళ్లీ ఏమ్మా అనే పిలుస్తున్నారు. ఒకరోజు రికార్డుల సంచీలోంచి ఆ కాగితం తీసి, నా ముందే తన సంతకాన్ని కొట్టేసి, కొట్టేసిన తేదీ పక్కన వేసి, నాకు ఇచ్చారు. చింపడానికి ఆయనకు చేతులు రాలేదేమో. నాకూ రాలేదు. నా పుస్తకాల్లో ఉంది.

పొద్దున్నే అరుగు కడిగేది ఇప్పుడు మామయ్యే. అత్తమ్మ వద్దన్నా వినరు. రెండు బిందెల నీళ్లు పోసి, చీపురుతో రాళ్ల సందులన్నీ గీకి, నందన్న కూర్చునే చోట ఆరిందో లేదో చేత్తో తడిమి చూసి లోపలికి వస్తారు. జహనుమాకు మాత్రం ఇంతవరకూ వెళ్లలేదు. నేను ఇంకా అయిదారుసార్లు వెళ్లాను. అన్నిసార్లూ నందన్న మర్యాదగా కుర్చీ వేశాడు. నేను లోపలికి వెళ్లిన ప్రతిసారీ పాప చేతులు చెవుల మీదికి వెళ్తాయి. ఇప్పుడు నేను ముందు గుమ్మం బయటే నిలబడి దగ్గుతాను, తను జుట్టు సర్దుకునేదాకా.